మార్చురీ బయట విన్న రిస్పా కథ

మా తమ్ముడు పోయి ఆరేళ్ళవుతోంది. అమ్మానాన్నలు అంతకుముందే పోయారు. ఆనందపురం దగ్గర మా ఊరు వదిలి, గాజువాకలో గది అద్దెకు తీసుకుని ఇద్దరం ఉండేవాళ్ళం. నేను బట్టల షాపులో బిల్లింగ్ చేసేదాన్ని. వాడు హార్బరు వైపు బోట్లు రిపేరు చేసే చిన్న యార్డులో, కాంట్రాక్టరు కింద రంగులు వేసేవాడు.

ఒక మంగళవారం పొద్దున, రంగు వేస్తూ బోటుకి కట్టిన కర్రల మీంచి జారిపడ్డాడు. నేను వెళ్ళేసరికే మార్చురీలో పెట్టేశారు. యార్డు సూపర్‌వైజరు అక్కడే ఉన్నాడు. ఆ రోజు వాడు డ్యూటీలో లేడని, రిజిస్టర్లో పేరు లేదని చెప్పాడు.

"బయటెక్కడో పడిపోనాడని సంతకం పెట్టీమ్మా. బాడీ ఇచ్చేత్తారు."

"పొద్దున్న బాక్సులో అన్నం నానే పెట్టినాను. డ్యూటీకే వచ్చేడు."

అతను ఫోన్ చూసుకుంటూ అవతలికి వెళ్ళిపోయాడు. నేను సంతకం పెట్టలేదు.

ఊరి నుంచి వచ్చిన పెదనాన్న సాయంత్రం దాకా ఉన్నాడు. "పోయినోడు ఎలాగూ పోనాడు. ఒక్కదానివి, నీకెందుకే ఈళ్ళతో" అని బస్సెక్కేశాడు. మర్నాటి నుంచి ఆ రేకుల షెడ్డు కింద నేనొక్కదాన్నే. పొద్దున మొదటి బస్సుకి వచ్చేదాన్ని. చీకటి పడబోతుంటే వాచ్‌మన్ పంపించేసేవాడు. పక్క బెంచీల మీదకి కుటుంబాలు ఏడుస్తూ వచ్చేవి, తమ మనిషిని తీసుకుని వెళ్ళిపోయేవి. నాకు ఏడుపు కూడా రాలేదు. వాడికి చలి పడదే అని, అదొక్కటే ఆలోచన.

మూడో రోజు, అక్కడ ఊడ్చే ఆవిడ టీ తెచ్చి నా పక్కన కూచుంది. జాలరిపేట మనిషి.

"ఏటమ్మా, మూడ్రోజులై ఇక్కడే కూకున్నావు?"

చెప్పాను. అంతా విని, వాళ్ళ బైబిల్లో ఉన్న రిస్పా అనే తల్లి గురించి చెప్పింది.

"రాజు ఆవిడ ఇద్దరు కొడుకుల్నీ పగోళ్ళకి అప్పగించీసేడు. ఆళ్ళు కొండ మీద సంపీసి అలాగే ఒగ్గీసేరు. పూడ్సనేదు. ఆవిడ గోనెపట్ట పరుసుకుని ఆ రాతి మీదే కూకుండిపోయింది. పగలు పిట్టలు, రేత్రి మృగాలు, ఏటీ ఆళ్ళని ముట్టకుండా కాసింది. కోతల నాడు కూకుంది, వానలు పడేదాకా లెగనేదు."

"ఎవరూ తోడు రానేదా?"

"వచ్చినట్టు నేదు."

"రాజుతో దెబ్బలాడిందా?"

"ఒక్క మాట అన్నట్టు కూడా నేదమ్మా. కూకుందంతే. రాజుకే తెలిసి, సిగ్గొచ్చిందో ఏటో, ఎముకలేరించి మర్యాదగా పూడ్పించేడు."

మా గదిలో ఉండేది సింహాద్రి అప్పన్న పటం. బైబిల్ నేనెప్పుడూ తెరిచి చూసినదాన్ని కాదు. అయినా ఆ మధ్యాహ్నం, ముఖం తెలియని ఆ తల్లి వచ్చి నా బెంచీ మీద కూచున్నట్టనిపించింది. గట్టిగా మాట్లాడటం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. కూచోవడం చేతనవును.

ఐదో రోజు, రోజూ అటు వచ్చిపోయే ఎస్సై నా ముందు ఆగి, ఎందుకున్నావని అడిగాడు. "మా తమ్ముడు పనిలో పోయాడని రాస్తే తీసుకెళ్తాను సార్" అన్నాను. అతను యార్డుకి వెళ్ళి గేటు దగ్గరి కెమెరా చూశాడు. బాక్సు పట్టుకుని లోపలికి వెళ్తూ వాడు కనిపించాడట. సాయంత్రానికి పోలీసు కాగితం మారింది. పని చేస్తుండగా పడి పోయాడని రాశారు. వాడి పేరులో ఒక అక్షరం తప్పు పడితే అదీ దిద్దించాను.

దహనానికి ఆరుగురు వచ్చారు. తర్వాత గదికొచ్చి వాడి పని చొక్కాలు ఉతికాను. రంగు మరకలు పోలేదు. షాపు, గది, మళ్ళీ షాపు. ఆదివారం వస్తే పొద్దుట్నుంచి రాత్రి దాకా నా గొంతు నాకే వినపడేది కాదు.

అలాంటి ఒక ఆదివారం, మార్చురీ దగ్గర ఊడ్చే ఆవిణ్ణి వెతుక్కుంటూ జాలరిపేట వెళ్ళాను. గుమ్మంలో చేపలు కడుగుతోంది. చాలాసేపు కూచున్నాక అడిగాను.

"పిన్నీ, కొడుకుల్ని పూడ్సినాక ఆవిడేమయింది? ఇంటికెళ్ళి ఏటి సేసింది?"

ఆవిడ చెయ్యి ఆపి ఆలోచించింది.

"అది రాయనేదమ్మా" అంది. కడిగిన చేపలు గిన్నెలో వేసుకుంటూ, "సేపల పులుసు పెడతన్నాను. తిని ఎల్లు" అంది.

ఉండి, తిన్నాను.