ఇంకా దారమే

నాకు ఊలు అల్లిక నేర్పింది ఎవరో హిందీ ఆవిడ. ఫోన్లో వీడియోలు పెడుతుంది. నాకు హిందీ రాదు, ఆవిడకు నేనున్నట్టే తెలియదు. అయినా మా ఇద్దరికీ బాగానే కుదిరింది. హోసూరులో చలికాలం పొద్దున కంపెనీ బస్సు కోసం నిలబడితే చెవులు మొద్దుబారతాయి కాబట్టి, ఒళ్లో ఊలుండ పెట్టుకున్న మనిషిని ఇక్కడెవరూ వింతగా చూడరు.

కొత్త పని ఏది నేర్చుకున్నా దానికి ఒక స్నేహితురాలు బలి అయ్యేది. మొదట్లో టోపీలు. ఒక టోపీకి ముగింపు వరస మరీ బిగించేశాను, తలకు పట్టలేదు. తీసుకున్నామె దాన్ని వేడి గిన్నె కింద పెట్టుకుంటోందని తర్వాత తెలిసింది. జడలా మెలితిప్పే అల్లిక వచ్చాక బర్గూరు కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితురాలికి శాలువా అల్లాను. మధ్యలో ఒకచోట జడ దారి తప్పింది. ఆమె తప్పెక్కడుందో వేలు పెట్టి చూపించి, ఆ తర్వాతే కప్పుకుంది. ఏదైనా ఇచ్చినప్పుడు తీసుకునేవాళ్ల మొహం చూడాలని ఒక ఆశ ఉంటుంది. నాకది కాస్త ఎక్కువే.

మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లుకుంటూ వచ్చే చిన్న స్వెట్టరు ఆ తర్వాత నేర్చుకున్నాను. మూకండపల్లిలో మా యూనిట్లోనే తనిఖీ విభాగంలో పనిచేసే అమ్మాయికి అప్పుడు అయిదో నెల. నాకంటే చాలా చిన్నది, నన్ను అక్కా అంటుంది, మధ్యాహ్నం నా డబ్బాలో అన్నం తనే ముందు తింటుంది. అంతకు ముందొకసారి కడుపు నిలవలేదు. హిందీ ఆవిడ వీడియోల్లో ఆడవాళ్లందరూ పుట్టబోయే పిల్లలకే అల్లుతుంటారు. చూసిచూసి నేనూ అల్లేశాను. మా ఇళ్లలో బిడ్డను పాతగుడ్డలోనే అందుకుంటామనీ, పురుడు దాటేదాకా కొత్తగుడ్డ మాటే ఎత్తమనీ నాకు తెలియక కాదు. అది గుర్తే రాలేదు.

ఆదివారం వాళ్లింటికి తీసుకెళ్లాను. స్వెట్టరు బయటికి తీస్తే ఆ అమ్మాయి చేయి చాచలేదు. కోడలిని చూసుకోవడానికి వచ్చిన అత్తగారు అందుకుంది. అంచెట్టి దాటాక ఏదో పల్లె ఆమెది, గొర్రెలు మేపిన ఇల్లు. ఊలును వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"దీంట్లో గొర్రె యాడుందమ్మా?" అని అడిగింది.

నిజమే, అది మిల్లులో పుట్టిన ఊలు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. స్వెట్టరును మడిచి నా సంచిలోనే పెట్టింది.

"బిడ్డ ఇంకా లోపలే ఉండాది. గుడ్డ ముందు రాకూడదు. ఎత్తుకోని పోమ్మా."

కాఫీ ఇచ్చారు, తాగాను. గేటు దాకా వచ్చిన అమ్మాయి అప్పుడు చెప్పింది. పోయినసారి ఉండబట్టలేక బజారులో ఒక పసుపు గౌను కొన్నదట. అది ఇంకా బీరువాలో చీరల అడుగునే ఉంది. తీసి ఎవరికైనా ఇవ్వడానికి తనకూ చేయి రాలేదు, అత్తకూ రాలేదు.

"అత్త నన్ను ఒక్క మాట అనలేదక్కా. అదే నాకు భయం" అంది.

ఇంటికి వచ్చేసరికి నాకు ఒళ్లు మండుతోంది. అన్ని వారాల పని సంచిలో తిరిగొచ్చింది. మా ఆయన విని, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాడు. చూలు ఉంది కదా అన్నాను. అయితే నీకు సగం సామెతే వర్తిస్తుందిలే అని టీవీ వైపు తిరిగాడు.

కోపం తగ్గాక భయం మొదలైంది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ ఆ పిల్లకు ఏదైనా అయితే, పూర్తయిన స్వెట్టరు నా బీరువాలో ఉంటుంది. ఆమె పసుపు గౌనులాగే. ఆ ఆలోచన వదల్లేదు. చివరికి కూర్చుని కింది అంచు ముగింపు వరస విప్పేశాను. విప్పిన కుట్లు ఒక్కటీ జారకుండా మళ్లీ సూది మీదికి ఎక్కించడం అన్నిటికంటే కష్టమైన పని. దానికీ హిందీ ఆవిడ దగ్గర వీడియో ఉంది.

సంగతి అమ్మాయికి చెబితే, ఆమె అత్తకు చెప్పింది. ఒకసారి తెమ్మని అత్తగారే కబురు పెట్టింది. సూదులతో సహా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఈ సూది లాగేస్తే ఏమైతుంది?"

అంతా ఊడి వచ్చేస్తుందని చెప్పాను.

"అట్లయితే ఇది ఇంకా దారమే. గుడ్డ కాదు. నీ దగ్గరే పెట్టుకో."

ఇంత సులభంగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్న మాటలా అనేసింది. స్వెట్టరు సూదుల మీదే నా బీరువాలో ఉండిపోయింది. బట్టలు తీసినప్పుడల్లా చేత్తో తడిమి, కుట్లు జారలేదు కదా అని చూసుకునేదాన్ని.

నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. పుట్టిల్లు కృష్ణగిరి కావడంతో అక్కడి ఆస్పత్రికే తీసుకెళ్లారని పొద్దున ఆఫీసులో తెలిసింది. ఆ పూట నేను చేసిన లెక్కలన్నీ మర్నాడు మళ్లీ చేయాల్సి వచ్చింది. మధ్యాహ్నం అత్తగారి ఫోను. ఎత్తాను. ఆమే చెప్పింది.

"ఆడబిడ్డ. తూకం కొంచెం తక్కువ, అంతే. ఇద్దరూ బాగుండారు. నువ్వింక ముగించెయ్యమ్మా."

ఏడ్చాను. నేను మామూలుగా ఏడ్చే మనిషిని కాను. పక్క టేబుల్ ఆయన ఎవరైనా పోయారా అని అడిగాడు. పుట్టారని చెప్పాను.

ఇంటికి వెళ్లి స్వెట్టరు తీసుకుని కృష్ణగిరి బస్సెక్కాను. బస్సులోనే ముగిద్దామనుకున్నాను గానీ, ఆ కుదుపులకు మళ్లీ ఆ టోపీలా బిగిసిపోతుందని ఆగాను. ఆస్పత్రి వరండాలో అత్తగారు బెంచీ మీద కూర్చుని ఉంది. బిడ్డను తన పాత చీరలోనే అందుకున్నానని చెప్పింది. తల్లీ పిల్లా నిద్రపోతున్నారు. నేను పక్కన కూర్చుని మొదటి కుట్టు మూశాను.

కాసేపు నా చేతులనే చూసి, ఆమె కాళ్ల దగ్గరున్న గుడ్డసంచి విప్పింది. లోపల్నుంచి మూరెడు నల్ల కంబళి తీసింది. గొర్రె వాసన గుప్పున కొట్టింది. కోడలు నెల తప్పిందని తెలిసిన వారమే ఊళ్లో మరిదితో నేయించిందట. కంబళి రెండు అంచుల్లోనూ దారాలు ముడి వేయకుండా వేలాడుతున్నాయి.

నేను ఆమె మొహం చూశాను. ఆమె నా వైపు చూడలేదు. రెండు దారాలు కలిపి తొడ మీద పురిపెట్టి, మొదటి ముడి వేసింది.

"నేనూ ఉండబట్టలేకపోయినానమ్మా" అంది.