వదిలేసిన పద్నాలుగు పాదాలు

మొన్న ఉదయం, మేముంటున్న పరాయి దేశపు రేవు ఊరు రింగాస్కిడీలో, మా మందుల ఫ్యాక్టరీ ముందు కారు దిగుతుండగా రేవులో ఓడ కూత వేసింది. గుండెల్లో తగిలేంత లోతైన మోత. అది ఆగేదాకా కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లాక్‌డౌన్ రోజుల్లో పెరటి గోడకు అవతల కూర్చుని నాకు కవిత్వం చెప్పిన సుభద్ర గారు, ఆ కూత వినపడితే వాక్యం మధ్యలో ఆగి, అది పూర్తయ్యాక మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవారు.

ఆవిడ మా పక్కింటి లలిత వాళ్ళ అమ్మ. రెండు నెలలు ఉండి వెళదామని హైదరాబాదు నుంచి వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఏడాదిన్నర ఉండిపోయారు. వయసులో ఉన్నప్పుడు మాస్కోలో రష్యన్ చదివి, కొన్నేళ్ళు అక్కడే రష్యన్ పుస్తకాలు తెలుగులోకి అనువదించి, తిరిగొచ్చాక ఆ భాషే పాఠం చెప్పి రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చేనాటికే కళ్ళలో శుక్లాలు. తిరిగి వెళ్ళి చేయించుకోవాల్సిన ఆపరేషన్ వాయిదా పడింది. ఒక శనివారం నేను బట్టలు ఆరేస్తుంటే గోడ మీదుగా పిలిచారు.

"అమ్మాయ్, నీకు తెలుగు టైపు చేయడం వచ్చా?"

"వచ్చు ఆంటీ, కాకపోతే స్లో."

"స్లోనే కావాలి. నేనూ అంతకన్నా తొందరగా చదవలేను."

అప్పటినుంచి ప్రతి శనివారం గోడకు ఇటు ఒళ్ళో లాప్‌టాప్‌తో నేను, అటు భూతద్దం పట్టుకుని ఆవిడ. ఒక్కో పాదం రష్యన్‌లో గొణుక్కుని, కాసేపు ఆలోచించి, తెలుగులో చెప్పేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో రష్యా చక్రవర్తి జారు ఆగ్రహానికి గురై రాజధానికి దూరంగా పంపబడిన ఒక కవి రాసిన దీర్ఘకవిత అది. రష్యా దక్షిణాన ఉన్న కాకసస్ కొండలు, వాటి మీద మంచు, అక్కడి మనుషుల స్వేచ్ఛ గురించి. నాకు కవిత్వంతో పరిచయం తక్కువ. అయినా కొన్నిచోట్ల టైపు చేయడం మరిచిపోయి వింటూ కూర్చునేదాన్ని.

"ఎంత బాగుందో ఆంటీ! ఇది ఎప్పుడూ అచ్చవలేదా?" అన్నానొకసారి.

"అయింది. నలభై ఏళ్ళ కిందట, నా పేరుతోనే. చివరి పద్నాలుగు పాదాలు తప్ప."

"ఎవరు తీసేశారు?"

"నేనే."

ఆ పాదాల్లో ఏముందో అప్పుడు చెప్పారు. కవితంతా ఆ కొండలను ప్రేమించిన కవి, చివరికొచ్చేసరికి అక్కడి ఊళ్ళను తగలబెట్టిన జారు సేనాపతికి జేజేలు పలుకుతాడట. "అందరూ అలాంటివాళ్ళు కాదు కానీ, జారును ఎదిరించి శిక్ష పడ్డవాళ్ళలోనే కొందరు, అదే జారు ఏలుబడిలో ఉన్న పోలండ్ తిరగబడితే మాత్రం కోపంతో ఊగిపోతూ రాశారు. దేశమంటే నిజంగానే ప్రాణం వాళ్ళకి. ఆ దేశం ఎవరి ఇంటిదాకా వచ్చి ఆగాలన్నదే ఆలోచించలేదు," అన్నారు. మన పాఠకులు ఆ కవిని ప్రేమించాలన్న ఆశతో ఈవిడ కత్తెర వేశారు. మన కుర్రవాళ్ళు దాన్ని స్వేచ్ఛాగీతంలా సభల్లో చదివితే పొంగిపోయారు. ఆ రోజుల్లోనే, చదువుకునేటప్పుడు మాస్కో హాస్టల్లో ఆవిడ గదిలో ఉన్న కాకసస్ అమ్మాయి మదీనా పుస్తకం తిరగేసి అడిగిందట: "మీ భాషలో మా ఊళ్ళు తగలబడ్డాయా, లేదా?" ఈవిడ తగలబడ్డాయని అబద్ధం చెప్పారు. మదీనాకు తెలుగు రాదు కాబట్టి నమ్మింది.

"ఇప్పుడు ఎవరు చూడొచ్చారు ఆంటీ? అలాగే వదిలేద్దాం," అన్నాను.

ఆవిడకు కోపం రాలేదు. "నేను చూశాగా," అన్నారు అంతే.

ఆ పద్నాలుగు పాదాల ముందుకు వచ్చాం, జనవరి వచ్చింది, ఆవిడకు కోవిడ్ వచ్చింది. జీపీ డాక్టరు ఫోన్‌లో ఆవిడ ఆయాసం విని వెంటనే అంబులెన్స్ పిలవమన్నారు. లలితను వెంట ఎక్కనివ్వలేదు. వాన తుంపరలో ఖాళీ రోడ్డు మీద నిలబడ్డ ఆ పిల్లను దగ్గరకు తీసుకోవడానికి కూడా లేదు. గేటు ఇవతలినుంచే ఏదో ధైర్యం చెప్పాను.

వారం తరవాత, ఆవిడ ఇంకా ఆసుపత్రిలో ఉండగా, లలిత ఫోన్ చేసింది. "అక్కా, ఆ ఫైల్ పంపవా? చుట్టాలందరికీ ఫార్వర్డ్ చేస్తాను. అమ్మ చివరి..." మాట పూర్తి చేయలేకపోయింది. చదువుకుంటే కవిత అక్కడికి చక్కగా ముగిసినట్టే ఉంది. కళ్ళనీళ్ళతో అడుగుతున్న పిల్లకు ఏం చెప్పను? ఫైల్ పంపాను. కానీ అడుగున ఒక వాక్యం చేర్చాను: "ఇది పూర్తి కాదు. ఇంకా పద్నాలుగు పాదాలు రావాలి." లలితకు కష్టమనిపించింది. మూడు రోజులు మాట్లాడలేదు.

పంతొమ్మిదో రోజున సుభద్ర గారు ఇంటికొచ్చారు. సగానికి సగం తగ్గిపోయారు, గొంతు గాలిలో కలిసిపోతోంది. కూతురి ఫోన్‌లో నేను రాసిన వాక్యం చదివించుకుని నవ్వబోయి దగ్గారు. "నన్ను చావనివ్వకుండా భలే పని పెట్టావే!" ఆ మాట విన్నాక వంటింట్లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చాను. లలిత కూడా ఆ సాయంత్రం పులిహోర గిన్నె గోడ మీద పెట్టి, "సారీ అక్కా," అని వెళ్ళింది.

మార్చి ఎండలో ఆ పాదాలు చెప్పారు. నాలుగు శనివారాలు పట్టింది. తగలబడే ఊళ్ళకు కూడా ఆ కవి వాడిన మాటలు అందంగానే ఉన్నాయి. వాటిని వికారం చేసి చెబుతారేమో అనుకున్నాను, చేయలేదు. ఆ అందం అలాగే తెలుగులోకి తెచ్చారు. చివరి మాట నేను కొట్టాక "అమ్మయ్య" అని కళ్ళు మూసుకున్నారు. "మదీనా ఎక్కడుందో, అసలుందో లేదో. అడిగితే మాత్రం ఇక నిజమే చెబుతాను."

విమానాలు మొదలయ్యాక వెళ్ళి కళ్ళు బాగుచేయించుకున్నారు. కవిత మొత్తం ఒక చిన్న పత్రికలో వచ్చింది. తాను చేసిన తప్పు ముందుమాటలో రెండు వాక్యాల్లో రాశారు. ఫోన్ చేసి, "చూపొచ్చింది కదా, నీ టైపులో పదకొండు తప్పులు దొరికాయి," అని మురిసిపోయారు.

కిందటేడు ఇక్కడి తెలుగువాళ్ళ ఆగస్టు పదిహేను వేడుకలో చదవబోయే పద్యాలను నన్ను ముందుగా చూడమన్నారు. ఒకాయన పాతకాలపు రాజు విజయం మీద వీరపద్యాలు తెచ్చారు. చదువుతుంటే చెయ్యి దానంతట అదే కాగితం వెనక్కి తిప్పింది. "ఇంకా ఉన్నాయాండీ?" అని అడిగాను. ఓడిన ఊరివాళ్ళ మాట ఉన్న రెండు పద్యాలు ఆయన, సభకు బాగోవని, తీసి పక్కన పెట్టారట. కాసేపు మాట్లాడుకున్నాం. చివరికి సభలో ఆయన అన్నీ చదివారు. చప్పట్లు కాస్త ఆలస్యంగా వచ్చాయి, కానీ వచ్చాయి.