పశ్చాత్తాపానికి రెండు ఒత్తులు

నా చిన్నప్పుడు ఒక వేసవి సెలవులంతా కూర్చుని పగ తీర్చుకోవడం నేర్చుకున్నాను. నేర్పింది మా పక్కింటి అక్క. ఆమె టీచర్ ట్రైనింగ్ చదువుతూ, ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పేది. అలాంటి మనిషి దగ్గర పగ నేర్చుకున్నానంటే ఇప్పటికీ మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

అప్పుడు మేము విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఉండేవాళ్లం. మా నాన్న పోర్టులో కలాసీ. గాలి అటునుంచి తిరిగిందంటే ఆరేసిన బట్టల మీద ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా పడేది. మాది శ్రీకాకుళం వైపు పల్లె కాబట్టి ఇంట్లో అందరం చేపను సేప అనేవాళ్లం. ఒకరోజు తెలుగు క్లాసులో నిలబడి పాఠం చదువుతూ కూడా అలాగే అన్నాను. మా క్లాస్ లీడరు పిల్ల నా గొంతుతోనే దాన్ని తిరిగి అంది. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు పోయి సేప మిగిలింది.

సెలవులిచ్చాక ఇక బడికి వెళ్లనని మొండికేశాను. అమ్మ రెండు రోజులు బతిమాలి, మూడో రోజు విసిగిపోయింది.

"ఎల్లకపోతే మానీ. జూన్ నుంచి నాతోపాటు రొయ్యల షెడ్డుకి రా, వొలుద్దువుగాని," అంది.

బెదిరింపు కాదది. మా వీధిలో నా ఈడు పిల్లలు ఇద్దరు అప్పటికే ఆ షెడ్డుకు వెళ్తున్నారు. వాళ్ల వేళ్లు నీళ్లలో నాని పాలిపోయి ఉండేవి. నాకు అదీ ఇష్టం లేదు, బడీ ఇష్టం లేదు.

సంగతి విని పక్కింటి అక్క చర్చి లైబ్రరీ నుంచి ఒక బొమ్మల కథల పుస్తకం తెచ్చింది. అందులో ఒక ఏనుగుపిల్ల బడికి వెళ్లడానికి భయపడుతుంది. వెక్కిరించిన జంతువులన్నిటినీ చివర్లో క్షమించేసి వాటితో కలిసి ఆడుకుంటుంది. నాకు ఒళ్లు మండింది. అంత పెద్ద తొండం పెట్టుకుని దానికి అదేం బుద్ధి అనిపించింది. పుస్తకం అక్క ఒళ్లో పడేసి, "నానైతే తొక్కేద్దును," అన్నాను.

అక్క నవ్వలేదు, నాకు నీతులూ చెప్పలేదు. నా పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, దారంతో కుట్టి, సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసింది.

"అయితే నీ పుస్తకం నువ్వే రాసుకో. ఆ పిల్లని ఏటి సేత్తావో అన్నీ రాయి. కానీ ఒక్క తప్పున్నా ఆ పగ తగల్దు. రాసింది పైకి సదవాలి కూడా," అంది.

ఇక చూడండి నా సంబరం. కాగితం మీద ఆ లీడరు పిల్ల బెంచీకి దురదగొండి ఆకు రాశాను. జడను కిటికీ ఊచకు కట్టేశాను. పోర్టులో పెద్ద ఓడకు కెప్టెన్నయి, ఆమె ఒడ్డున నిలబడి ఏడుస్తుంటే ఎక్కనివ్వకుండా లంగరు ఎత్తించాను. సాయంత్రం అరుగు మీద కూర్చుని అక్క ముందు పైకి చదివేదాన్ని. ఎక్కడ సున్నా పోయినా, ఎక్కడ చ బదులు స పలికినా అక్క ఎర్ర పెన్సిల్‌తో గీత కొట్టి, "ఇది తగల్లేదు," అనేది. ఆ పిల్ల తప్పించుకుంటుందన్న ఉక్రోషంతో మళ్లీ రాసేదాన్ని. ఇంట్లో మాత్రం సేపలే తిన్నాం.

చివరి పేజీలో ఆ పిల్ల నా కాళ్ల మీద పడాలి. దానికి చర్చి మాటల్లో అక్క నోట విన్న పెద్ద మాట ఒకటి వాడాను. పచ్చాతాపం అని రాశాను. అక్క కొట్టేసింది. శకు చ ఒత్తు పెట్టాను, మళ్లీ కొట్టేసింది. తకు కూడా ఒత్తుందని నాకు ఎలా తెలుస్తుంది? పశ్చాత్తాపం అని సరిగ్గా రాసేసరికి నా కాగితాలన్నీ ఎర్రబడ్డాయి.

జూన్‌లో బడి తెరిచారు. షెడ్డుకు కాకుండా బడికే వెళ్లాను, ఆ పుస్తకాన్ని సంచి అడుగున పెట్టుకుని. గుమ్మంలో అడుగు పెట్టగానే లీడరు పిల్ల, "సేప వొచ్చిందర్రా," అంది. నేను నేరుగా వెళ్లి నా బెంచీలో కూర్చున్నాను. కొత్తగా వచ్చిన తెలుగు మాస్టారు రోజూ డిక్టేషన్ చెప్పేవారు. ఆ వారంలోనే ఒకరోజు, ఏ పాఠంలో ఉందో గానీ, పశ్చాత్తాపం అన్నారు.

రాశాక పుస్తకాలు పక్కవాళ్లతో మార్చుకుని దిద్దమన్నారు. ఆ పిల్లది నా చేతికి వచ్చింది. శ్చ సరిగ్గానే ఉంది, త కింద ఒత్తు లేదు. చూసీ చూడనట్టు వదిలేయొచ్చు. కాగితం చిరిగేంత గట్టిగా గీత కొట్టాను. క్లాసులో నేను తప్ప అందరూ తప్పే రాశారు. మాస్టారు నన్ను పిలిచి బోర్డు మీద రాయించి, పైకి చదివించారు. ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత మిగతా అందర్నీ పేజీ నిండా ఆ మాటే రాయమన్నారు. ఆ పిల్ల నా ముందు తల వంచుకుని పేజీ నిండా పశ్చాత్తాపం రాసింది. నేను కన్నార్పకుండా చూశాను. అంత తియ్యని పీరియడ్ నా చదువంతటిలో మరొకటి లేదు.

ఇంటికి పరుగెత్తుకెళ్లి అక్కకు చెప్పాను.

"తగిలింది కదా. మరి రేపట్నుంచి బడి మానేత్తావా?" అంది.

"ఎందుకు మానేత్తాను? ఇంకా బోల్డు పేజీలున్నాయి," అన్నాను. అక్క అప్పుడు నవ్వింది. ఆ నవ్వు నాకు అర్థం కావడానికి పదో తరగతి దాటాల్సి వచ్చింది.

ఆ పిల్లను క్షమించావా అని మా ఇంట్లో అడుగుతారు. లేదు. ఇప్పటికీ ఎవరి మీదైనా ఒళ్లు మండితే కాగితం తీసుకుని రాస్తాను, తప్పులు దిద్దుకుంటాను, పైకి చదువుకుంటాను. అంతయ్యాక లేచి వెళ్లాల్సిన చోటికి వెళ్తాను.

మొన్న సెలవులు అయిపోతుంటే మా మనవరాలు బడికి వెళ్లనని ఏడ్చింది. ఓదార్చలేదు. కాగితాలు కుట్టి చేతికిచ్చాను. కళ్లు తుడుచుకుని మొదటి పేజీలో, తనను ఏడిపించే పిల్లాడి పేరు పెద్ద అక్షరాలతో రాసింది. ఒత్తు తప్పింది. ఎర్ర పెన్సిల్ తీసుకుని పక్కన కూర్చున్నాను.