తీసినోళ్లు పొయ్యాలె

మా పక్క గది పెద్దమ్మ పోయిన మంగళవారం చనిపోయింది. మధ్యాహ్నం ఎండకు గోడవారగా కూర్చుంది. చాయ్ తాగుతుందేమో అడుగుదామని వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే పక్కకు ఒరిగిపోయింది. ఈ మాట ఇప్పటికి చాలామందికి చెప్పాను. ప్రతిసారీ నీళ్లు రాలేదని చెప్పినంత మామూలుగానే వస్తోంది నోటి నుంచి. ఏడుపు ఎందుకు రావడం లేదో నాకు తెలియదు.

ఆమె మాకు చుట్టం కాదు. ఖిలా వరంగల్‌లో ఒకే వాకిలి చుట్టూ ఉన్న అయిదు గదుల్లో మొదటిది ఆమెది, రెండోది మాది. అందరం కిరాయి వాళ్లమే. గ్యాస్ బండ ధర పెరిగి, కరెంటు బిల్లు చూస్తేనే గుండె ఝల్లుమనే రోజులు వచ్చాక, చలికాలంలో స్నానాలకు నీళ్లు కాచుకోవడమే మా అందరికీ పెద్ద సమస్య అయింది. నాకైతే అప్పుడు మూడు నెలల పసిపాప. పొద్దున పాపకు నీళ్లు, నా నడుముకు నీళ్లు, మా ఆయన డ్యూటీకి నీళ్లు. బండ నెల తిరగకుండానే అయిపోయేది.

"అయిదు పొయ్యిలెందుకే? ఒక్క పొయ్యి సాలదా?" అంది పెద్దమ్మ ఒకరోజు. వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, వాటి మీద తన పెద్ద సిల్వర్ కాగును ఎక్కించింది. తొర్రూరు దగ్గర ఆమె బిడ్డ వాళ్లకు పత్తి చేను ఉంది. ఆఖరి పత్తి ఏరాక కట్టెను చేలోనే తగలబెడతారు. "గంత అగ్గి ఉత్తగ పోతాంది, మా వాకిట్ల పోస్తే పది మంది తానం జేస్తరు" అని పోరుపెట్టి, ఒక ట్రాలీ ఆటో నిండా తెప్పించుకుంది.

తెల్లారకముందే లేచి అగ్గి రాజేసేది. అగ్గిపెట్టె ఎప్పుడూ ఆమె రొంటినే, నడుం దగ్గరి చీర మడతలో ఉండేది. కింద పెడితే మంచుకు మెత్తబడుతుందట. మాకు పెట్టిన నియమం ఒక్కటే. "తీసినోళ్లు పొయ్యాలె." ఒక బకెట్ వేడినీళ్లు ముంచుకున్నవాళ్లు ఒక బకెట్ చన్నీళ్లు కాగులో పోసి పోవాలి. అప్పుడే వెనక వచ్చేవాళ్లకూ నీళ్లుంటాయి. ఎవరు ఎన్ని కట్టెలు తెచ్చారని ఎన్నడూ అడగలేదు. పోశారా లేదా అనేది మాత్రం గదిలోంచే చెవి పెట్టి వినేది.

ఆ ఒక్క నియమాన్నీ తప్పింది నేనే. పాపకు జ్వరం వచ్చిన రోజు కాగులో ఉన్న నీళ్లన్నీ ముంచుకుని, పోయడం మరిచి లోపలికి వెళ్లిపోయాను. కింద మంట భగభగా మండుతోంది. అడుగు మాడి కాగుకు చిల్లు పడింది. నేను బయటికి వచ్చేసరికి ఆమె కాగును బోర్లేసి చూస్తోంది. తిడుతుందనుకున్నాను.

"పొల్లకు జరం తగ్గిందా?" అని అడిగింది. ఆ తర్వాతే కాగు సంగతి. "ఫికర్ జెయ్యకు, మాటేపిస్త."

చిల్లుకు అతుకు వేయించింది. కానీ ఊరికే ఉంటుందా! వాకిట్లోకి కొత్తవాళ్లు ఎవరు వచ్చినా కాగు అడుగు చూపించి, "గిది మా రెండో రూము పిల్ల పుణ్యం" అని నవ్వేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆ సిగ్గుతోనే కావచ్చు, నిరుడు గీజర్ పెట్టించాను. ఇక ఎవరి కాగూ వద్దనుకున్నాను. నెల తిరిగి బిల్లు రాగానే మా ఆయన స్విచ్ మీద ప్లాస్టర్ అంటించాడు. మళ్లీ బకెట్ పట్టుకుని వాకిట్లోకి వెళ్లడానికి మొహం చెల్లలేదు. నాలుగు రోజులు చన్నీళ్లే పోసుకున్నాను. అయిదో రోజు తలుపు తీస్తే గడప ముందు పొగలు కక్కుతూ బకెట్ ఉంది.

"ఇగం గిట్ల పెడతాంటే, గీ సలిల సిగ్గువడుడేందే? ఉడుకు నీళ్లకు సిగ్గేంది?" అని పెద్దమ్మ పొయ్యి దగ్గరి నుంచి అటు తిరిగే అంది. "నీ తరపున సల్లనీళ్లు నేనే పోసిన. రేపటి సంది నువ్వే పొయ్యాలె."

బుధవారం పొద్దున ఆమెకు ఆఖరి స్నానం. రాత్రే వచ్చిన ఆమె బిడ్డ, ఎవరో కొత్త కుండలో కాయాలంటే వినలేదు. "మా అవ్వకు సలంటె పడది. గా కాగులనే కాగవెట్టుర్రి" అంది. రొంటిన దొరికిన అగ్గిపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. నేనే అంటించాను. పుల్ల మొదటి గీతకే వెలిగింది.

నీళ్లు కాగాక మొదటి బకెట్ నేనే ముంచి ఇచ్చాను. ఇచ్చి, నల్లా దగ్గరికి వెళ్లి చన్నీళ్లు పట్టుకొచ్చి కాగులో పోశాను. పోసిన తర్వాతే ఏం చేశానో తెలిసింది. రెండో బకెట్ ముంచిన ఆమె కూడా పోసింది. మూడో ఆమె కూడా. ఎవరం ఎవరినీ చూడలేదు. పెద్దమ్మను తీసుకుపోయాక చూస్తే కాగు అంచు దాకా నిండి ఉంది. కింద నిప్పు ఆరిపోయింది.

ఆమె బిడ్డ వెళ్తూ, కట్టె పంపిస్తానని, కాగు ఇక్కడే ఉండనివ్వమని చెప్పింది. అగ్గిపెట్టె వెనక్కి తీసుకోలేదు. ఇవాళ్టికి ఆరు రోజులు. చలి తగ్గలేదు. పొద్దున్నే అయిదు గదుల తలుపులూ తెరుచుకుంటాయి, ఒక్కొక్కరూ బకెట్‌తో వాకిట్లోకి వచ్చి, వెలగని పొయ్యి వైపు చూసి, లోపలికి వెళ్లిపోతారు. నేనూ వెళ్లిపోతున్నాను. కాగు నిండా మేం పోసిన నీళ్లే ఉన్నాయి. అగ్గిపెట్టె నా రొంటినే ఉంది.