తాడు పట్టిన భూతం

హంసలదీవిలో ఎండుచేపలమ్మే తాతమ్మ ఇంట్లో భూతం ఉండేదన్న మాట నిజమని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. అబద్ధమనీ తేల్చలేదు. కోడూరులో బస్సెక్కేటప్పుడు ఆ భూతం తాటిచెట్టంత ఉంటుంది. బందరు చేరేసరికి లైట్‌హౌసంత అవుతుంది. గుడివాడ బస్టాండులో దిగాక ఇక దాని తల కనపడదు. నేను అంతదూరం పోను, కోడూరు కొలతే చెప్తాను.

ఊళ్ళోకి కేబుల్ టీవీ వచ్చిన ఏడాది, ఊరి వల లాగినందుకు వచ్చిన తన వాటా చేపల అడుగున తాతమ్మకి ఒక రాగి చెంబు దొరికింది. మూతికి లక్క వేసి ఉంది. బందరులో అమ్మేద్దామని చింతపండు పెట్టి తోమితే లక్క ఊడింది. ముందు పొగ వచ్చింది. పొగ వెనకాల మనిషి వచ్చాడు. మొలకి ఎర్రబట్ట, కాలికి ఇనపకడియం.

"అమ్మగారూ, మూడు కోరికలు కోరుకోండి," అన్నాడు.

"ముందు ఆ చేపల మీంచి కాళ్ళు తియ్యి," అంది తాతమ్మ.

పాపం, ఎవరి చేతిలో పడ్డాడో అతనికి తెలియదు. మొగుడు ఉప్పెనలో పోయిన నాటినుంచి తాతమ్మ ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. అగ్గిపెట్టె తడిస్తే చద్దన్నంలో పచ్చిమిరపకాయ నంజుకుంటుంది గానీ, నిప్పు కోసం పక్కింటి గడప తొక్కదు.

"మూడూ తీరిస్తే గానీ ఈ కడియం ఊడదండీ," అని భూతం మొరపెట్టుకున్నాడు. "వెయ్యేళ్ళ నుంచీ చూస్తన్నాను. అందరూ రెండు కోరుకుంటారు, మూడోది దాచుకుని చచ్చిపోతారు. నేను మళ్ళీ చెంబులోకి."

"ఇంకో దారి లేదా?"

"ఉందండీ. చేసిన పనికి ఎవరైనా కూలిస్తే ఊడిపోద్ది. భూతానికి కూలెవరిస్తారండీ?"

తాతమ్మ లేచి ఎండేసిన చేపలు తిరగేసింది. తరవాత, "కాకుల్ని తోలు," అంది. పని చెప్పడం కోరికల లెక్కలోకి రాదు.

ఇక చూడాలి. అతను ఒక్క అరుపు అరిస్తే హంసలదీవి కాకులన్నీ నాగాయలంక వెళ్ళి కాపురం పెట్టాయి. పిల్లులు ఆ వీధి మొహం చూడలేదు. చేపలకి ఉప్పు పట్టించడం, తిరగెయ్యడం, గంప బస్సు దాకా మొయ్యడం, అన్నీ అతనే. పొద్దున్నే మాత్రం బేరం మొదలు.

"మేడ కట్టించనా అమ్మగారూ?"

"ఊడ్చేదెవరు?"

"పోనీ బంగారం?"

"కాపలా ఎవరు?"

"పడుచుదనం ఇస్తానండీ."

"ఒకసారి పడ్డది చాల్లే."

సాయంత్రాలు ఇద్దరూ అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనని మాటలన్నీ తాతమ్మ అతనికి చెప్పేది. భూతాలు అన్నం తినవు. అయినా ఆమె రెండో పీట వేసేది.

కూలి సంగతి ఆమె మర్చిపోయిందనుకోకండి. ఒకరోజు పక్కింటి మాణిక్యమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఏం వదినా, ఆ మనిషి చేత అంత చాకిరీ చేయిస్తన్నావు, ఏమన్నా ఇస్తన్నావా?"

"మావాడే. మావాడికి కూలేంటి?" అంది తాతమ్మ.

ఆ మాట విని భూతం గంప పట్టుకుని అలాగే నిలబడిపోయాడట. మావాడే అన్నందుకు సంతోషమో, కూలేంటి అన్నందుకు దిగులో. రెండూనని మాణిక్యమ్మ అంటుంది.

కార్తీకంలో ఒక పొద్దున ఒడ్డునుంచి లాగే పెద్ద వల వేశారు. ఎంత చేప పడిందో ఏమో, వల రాదే. ఊరంతా తాడు పట్టినా సముద్రమే ఊరిని లాక్కుపోతోంది. ఎవరూ చెప్పకుండానే భూతం పరిగెత్తుకొచ్చి తాడు మీద చెయ్యేశాడు. వలతోపాటు సముద్రం కూడా రెండడుగులు ఒడ్డుకొచ్చిందంటారు. నేను ఒకటిన్నరే అంటాను.

ఇక్కడ ఒక కట్టుబాటుంది. ఆ తాడు మీద చెయ్యేసినవాడు దారినపోయేవాడైనా సరే, కూలి కింద వాటా ఇవ్వకుండా పంపకూడదు. పంపితే మళ్ళీ వలలో చేప పడదు. ఇంట్లోవాడైతే మాత్రం ఆ వాటా ఇంటిపెద్ద గంపలోకే వెళ్తుంది.

వల పెద్ద నాంచారయ్య ఇసకలో కుప్పలు పోసి పంచుతూ వచ్చాడు. చివరికి ఒక కుప్ప మిగిలింది.

"అత్తా, ఇది మీవాడిదేగా. నీ గంపలో పొయ్యమంటావా?"

ఊఁ అంటే చాలు. రేపు సాయంత్రం కూడా అరుగు మీద మనిషి ఉంటాడు. భూతం ఇసకకేసి చూస్తూ నిలబడ్డాడు. తాతమ్మ అతని కాలు చూసింది. కడియం ఒరుసుకుని ఆ చుట్టూ తోలు నల్లగా కాయగట్టి ఉంది.

"నా గంపలో ఎందుకు?" అంది. "తాడు పట్టింది వాడు. వాడి చేతికే ఇయ్యి."

రొయ్య పొట్టు ఒలిచినంత చప్పుడు కూడా కాలేదు. కడియం ఇసకలో పడింది. నాంచారయ్య ఇచ్చిన చేపలు రెండు చేతులా పట్టుకుని అతను కదలడే.

"ఎక్కడికెళ్ళనండీ?"

"నన్నడుగుతావేంటి? నీ ఇష్టం వచ్చిన చోటికి. ఎండెక్కితే చేపలు పాడైపోతయ్, ఉప్పేసుకో." కొంగున ఉన్న ఉప్పు మూట విప్పి ఇచ్చింది. అతను నాలుగడుగులు వేశాక, "ఇదిగో అబ్బాయ్, వల లాగేటప్పుడు చేతులు తక్కువైతే..." అని ఆగిపోయింది. అంతకన్నా అడగడం ఆమెకు రాదు.

అప్పటినుంచీ మనుషులు తక్కువైన రోజున తాడు దానంతటదే తేలికవుతుందట. నాంచారయ్య ఒక కుప్ప ఎక్కువ పోస్తాడు. తాతమ్మ దాన్ని తెచ్చి విడిగా ఎండేస్తుంది.

మొన్న నేనే వెళ్ళి మొహానే అడిగేశాను.

"భూతమేంటే? టీవీలు చూసి చెడిపోయారు మీరంతా," అంది, చేపలు తిరగేస్తూ.

"మరి ఈ విడిగా ఎండేసినవి ఎవరికత్తా?"

"పిల్లికి."

"ఆ రెండో పీట?"

"అదీ పిల్లికే. భూతం లేదు, గీతం లేదు. అసలేమీ జరగలేదు. లేచి ఆ పీట అక్కడే పెట్టు, దాని మీద కూర్చోమాక."