ఉప్పునీళ్ళలో విరిగిన వెండి

నా చిన్నప్పుడు మా ఎమ్మిగనూరులో నీళ్ళు రెండు రకాలు. పెరట్లో బావి నీళ్ళు ఉప్పగా ఉండేవి. వాటితో గిన్నెలు తోముకోవచ్చు, బట్టలు తడుపుకోవచ్చు, పప్పు మాత్రం ఎంతసేపు ఉంచినా ఉడకదు. తాగడానికి, వంటకు ఊరి చివర మంచినీళ్ళ బావికి పోవాల్సిందే. ఎండాకాలంలో అక్కడ బిందెలు వరసన పెట్టుకుని కూర్చుంటే నెత్తి మాడిపోయేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తెలివి ఎక్కువ, ఓపిక తక్కువ.

మా తాతయ్య కంసాలి. నగలు చేయడమే కాక పాత పట్టుచీరల జరీ నుంచి వెండి తీసేవాడు. చీర అంచులు కోసి ఇనుప మూకుడులో కాల్చేవాడు. పట్టు మాడి బూడిదై, జరీ నల్లని తీగల ముద్దగా మిగిలేది. దాన్ని పింగాణీ జాడీలో వేసి, ఆదోని నుంచి తెచ్చుకున్న ద్రావకం పోసేవాడు. ఆసిడ్‌ను ఆయన అలాగే అనేవాడు. ఎర్రటి పొగ లేచేది, గొంతు మండేది, కాసేపటికి వెండి మొత్తం కరిగి కనిపించకుండా పోయేది. ఆ నీళ్ళను మంచినీళ్ళతో పలచన చేసి రాగిరేకు వేస్తే, వెండి బూడిదరంగు పొడిగా రేకుకు పట్టేది. ఎన్నిసార్లు చూసినా నాకు, మాయమైన వెండి ఈసారి తిరిగి రాదేమోనని భయం.

ఆ రోజు పక్కింటి అక్క తన తల్లి పెళ్ళిచీర తెచ్చింది. వాళ్ళది మగ్గం నేసే ఇల్లు. ఆ చీర వాళ్ళమ్మ తన పెళ్ళికి తనే నేసుకుంది. జరీకోసం ఎన్నో పూటలు కడుపు కట్టుకుందట. ఆమె పోయి ఏడాది కాలేదు, చీర మడతల దగ్గర చిరిగిపోయింది. అక్కకు ఏడో నెల. పుట్టబోయే బిడ్డ కాళ్ళకు ఆ వెండితో కడియాలు చేయించాలని ఆశ.

"మాయమ్మ ఎత్తుకోవాల్సిన బిడ్డ తాతా. ఆమె చీరలో ఎండి అన్నా దాని కాళ్ళకుండల్ల," అంది.

చీర కాలుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ అరుగు మీద నుంచి లేవలేదు.

వెండి కరిగాక తాతయ్య నన్ను మంచినీళ్ళు తెమ్మన్నాడు. ఇంట్లో కుండ ఖాళీ. బావి దాకా పరుగెత్తాను. నా ముందు పదకొండు బిందెలు. అంతసేపు నిలబడే ఓపిక నాకు లేదు, రాగిరేకు వేసే తమాషా వెంటనే చూడాలి. వెనక్కి వచ్చి, ఎవరూ చూడకుండా పెరటి బావిలో చెంబు నింపాను. జాడీ ఏమైనా నీళ్ళు తాగుతుందా, పప్పు ఉడకబెడుతుందా అనుకున్నాను.

తాతయ్య చెంబు వంచాడు. తేటగా ఉన్నదంతా ఒక్కసారిగా తెల్లబడి, పాలు విరిగినట్టు ముక్కలు ముక్కలుగా అడుగుకు దిగింది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"మంచినీళ్ళేనా పాపా?"

అవునన్నట్టు తల ఊపాను.

ఆయన జాడీలోకి వంగి చూశాడు. తర్వాత అక్క వైపు తిరిగి, చెప్పలేక చెప్పాడు. "జరీలో తగరం కలిసినట్లుందమ్మా. మీయమ్మకు ఎవురో మోసం చేసినారు. ఈ తెల్లబురద దేనికీ పనికిరాదు, వడగట్టి పారబోయల్ల."

అక్క ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "అన్ని దినాలు పస్తుండి కొన్యది..." అని మాత్రం అని, కాలకుండా మిగిలిన చీర ముక్కను పక్కకు జరిపింది. అంతవరకు ఒళ్ళో పెట్టుకుని నిమురుతున్న ముక్క అది.

తాతయ్య వడకట్టడానికి గుడ్డ తీశాడు. దెబ్బలు పడతాయని తెలుసు. అయినా ఆ గుడ్డ జాడీ మీదికి రాగానే అరిచేశాను. "పెరటి బాయి నీళ్ళు తాతా! ఉప్పునీళ్ళు తెచ్చినాను!"

ఆయన గుడ్డ కింద పెట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు.

"అట్లయితే ఈ తెలుపే ఎండి, ఉప్పు తగిలి ఇట్ల విరిగింది," అన్నాడు. "పో, ఆ నీళ్ళే ఇంగో చెంబు తే. దోసెడు ఉప్పు గూడా తే. దిగేదంతా దిగనీ."

ఉప్పు వేసేకొద్దీ తెల్లటి ముద్ద ఇంకా దిగింది. ఎండ తగిలి ఊదారంగు తిరిగితే నాకు మళ్ళీ ప్రాణం పోయినంత పనైంది. తాతయ్య దాన్ని కడిగి, ఇనుప మేకులు వేసి, కాస్త ద్రావకం చిలకరించి వదిలేశాడు. మరునాడు పొద్దున అది బూడిదరంగు పొడి అయింది. మట్టి మూసలో పోసి, మలినం విడిపోయేలా వెలిగారం చల్లి కుంపట్లో కరిగిస్తే, అడుగున వెండి తెల్లగా మెరుస్తూ నిలిచింది. అక్క దాన్ని చల్లారకముందే పట్టుకోబోయింది.

తాతయ్య నన్ను పక్కకు పిలిచాడు. "ఏం కలిపినావో సెప్తే, ఎట్ల తీయల్లనో నాకు తెలుసు. సెప్పకపోయింటే ఎండిని నా సేత్తోనే పారబోసేవాన్ని గదా," అన్నాడు. అంతే. అక్క మాత్రం నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అది న్యాయమే.

నాకిప్పుడు ఎనభై దగ్గర పడ్డాయి. ఆ తర్వాత తప్పులు చేయలేదని కాదు, బోలెడు చేశాను. కానీ ఊరుకుందాంలే, ఎవరికి తెలుస్తుందిలే అనిపించిన ప్రతిసారీ, కన్నతల్లి మోసపోయిందని నమ్మేసిన అక్క ముఖం కళ్ళముందుకు వస్తుంది. నేను నోరు మూసుకుంటే నింద ఎవరి మీద పడుతుందో ముందు అది చూసుకుంటాను. చాలాసార్లు అది లేచి జవాబు చెప్పుకోలేని మనిషి మీదే పడుతుంది.