ఎల్చిన్‌కి మెట్‌పల్లిలో మూడెకరాలు

ఒక మంచి మనిషి ఉద్యోగం నిలబెడదామని బయలుదేరి, దాన్ని ఊడగొట్టినంత పని చేసిన కథ ఇది. ఆ పని చేసింది నేనే. మీరు ముందే నవ్వుకుంటామన్నా నాకు అభ్యంతరం లేదు. మా లేబర్ క్యాంపులో అందరూ నవ్వేశారు, మీరు కొంచెం ఆలస్యంగా వచ్చారంతే.

2023లో నేను అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఒక ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపు స్టోర్‌లో పనిచేసేవాణ్ణి. వచ్చిన సరుకును రిజిస్టరులో ఎక్కించడం నా పని. "బోల్ట్ ట్వంటీ నెంబర్స్, గ్లౌజ్ టెన్ పెయిర్స్" అని రోజంతా రాసేవాణ్ణి. మిగతావాళ్ళ చేతుల్లో గ్రైండర్లు ఉంటే నా చేతిలో పెన్ను ఉండేది కాబట్టి, నాకు ఇంగ్లీషు వచ్చని వర్క్‌షాపు మొత్తానికీ ఒక నమ్మకం. ఆ నమ్మకం అందరికంటే నాకే ఎక్కువ.

ముందటి ఏడాదిలాగే ఆ ఏడాదీ మా కంపెనీకి ఒక గ్యాస్ ప్లాంటులో ఆరు నెలల పని దొరికింది. ప్లాంటు గేటు దాటాలంటే పాస్ ఉండాలి. పాస్ కావాలంటే ప్లాంటువాళ్ళ సేఫ్టీ మేడమ్ ముందు కూర్చుని ఇంగ్లీషులో సమాధానాలు చెప్పాలి. ఆవిడ అడిగేవన్నీ 'ఎందుకు' ప్రశ్నలే. బెల్టు ఎందుకు కట్టుకుంటావు, వెల్డింగ్ దగ్గర నీళ్ళ బకెట్ ఎందుకు, అసలు నువ్వు ఈ పనికి ఎందుకొచ్చావు. పాస్ ఏడాదికే చెల్లుతుంది కాబట్టి పాతవాళ్ళు కూడా మళ్ళీ వెళ్ళి కూర్చోవలసిందే.

ఆ సమయంలోనే మా దగ్గరికి ఎల్చిన్ అనే వెల్డర్ వచ్చాడు. అజర్‌బైజాన్ మనిషి, బాకు దగ్గర ఏదో ఊరు. నలభై దాటాయి. పైపు మీద అతను వేసిన అతుకు చూస్తే చేత్తో నిమరాలనిపించేది. ఇంగ్లీషులో మాత్రం అతని ఆస్తి రెండే మాటలు, "నో ప్రాబ్లెం", "ఫినిష్". మూడు నెలల ప్రొబేషన్ మీద వచ్చాడు. పాస్ వస్తే ఉద్యోగం, రాకపోతే వచ్చిన విమానంలోనే వెనక్కి.

మా ఫోర్‌మన్ ఖాదర్ భాయ్‌ది నెల్లూరు. ఒకరోజు స్టోర్ కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏంది గంగాధరా, ఆ ఎల్చిన్ గాడికి రెండు ముక్కలు ఇంగ్లీషు నేర్పకూడదా? వాడికి పాస్ రాకపోతే పైనున్న ముదీర్ ఖలాస్ అని ఇంటికి పంపేస్తాడు. అంత మంచి వెల్డర్ మళ్ళీ యాడ దొరుకుతాడు మనకి?"

"గదెంత పని భాయ్? పది దినాలల్ల నేర్పిస్త. ఆయనతోని దొరసాని లెక్క మాట్లాడిపిస్త."

"దొరసాని ఎందుకులే అబ్బయా, పాస్ వస్తే చాలు."

తాను దూర కంత లేదు మెడకో డోలు అంటారు. నేను ఆ డోలును సంతోషంగా మెడకు తగిలించుకుని బయలుదేరాను.

చదువు ఆదివారం పొద్దున, మా గదిలో, కింది మంచం మీద మొదలైంది. ఎల్చిన్ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త నోటుపుస్తకంతో వచ్చాడు. నన్ను "గంగా ముఅల్లిం" అన్నాడు. వాళ్ళ భాషలో పంతులుగారని అర్థం. అరబ్బీలోనూ ఆ మాట ఉండటంతో సాయంత్రానికల్లా క్యాంపు అంతా నన్ను అదే పేరుతో పిలవడం మొదలుపెట్టింది. వాళ్ళు వెక్కిరించారు, నేను గౌరవం అనుకున్నాను.

మా ఇద్దరి మధ్య భాష అంటారా, అతని పదాలు కొన్ని, నా హిందీ కొంత, ఇద్దరికీ సగం సగం వచ్చిన ఇంగ్లీషు, మిగతాది సైగలు. చిత్రమేమిటంటే వాళ్ళకీ పుస్తకం కితాబే, స్నేహితుడు దోస్తే, లోకం దునియానే. ఇక్కడ మీకోసం అంతా తెలుగులో చెబుతున్నాను.

మొదటి రోజే నేను ఒక పెద్ద విషయం కనిపెట్టాను. 'చాయ్ తాగడం కోసం వచ్చాను' అని మీ భాషలో ఎట్లా అంటారని అడిగితే ఎల్చిన్ "చాయ్ ఇచ్మెక్ ఉచూన్ గెల్దిమ్" అన్నాడు. ఒక్కో మాటా విడదీయించాను. చాయ్, తాగడం, కోసం, వచ్చాను. అచ్చు మన వరసే! ముందు ఎందుకో చెప్పి, ఆ తర్వాత వచ్చానని చెప్పడం. ఇంగ్లీషువాడు అలా కాదు. ముందు వచ్చి కూర్చుంటాడు, ఎందుకొచ్చాడో తర్వాత చెబుతాడు.

"మనిద్దరం మర్యాదస్థులం ఎల్చిన్. పని ముందు చెప్పి గుమ్మం ఎక్కుతాం," అన్నాను.

"ఇంగ్లీషు మనిషి తలుపు తోసుకుని వస్తాడు," అన్నాడు ఎల్చిన్, తల ఊపుతూ.

అంతవరకూ పాఠం బ్రహ్మాండంగా నడిచింది. అక్కడే ఆపి, అతని వాక్యాలు అతన్నే తయారు చేసుకోమని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ నేను చదువుకున్న పద్ధతి వేరు. మా బడిలో 'నా ప్రియ మిత్రుడు' అని వ్యాసం రాయమంటే నలభైమందికీ ఒకడే మిత్రుడు. పేరు రవి, వాళ్ళ నాన్న డాక్టరు, క్లాసులో ఎప్పుడూ ఫస్టు. ఆ రవిని మేమెవరమూ చూడలేదు. గైడులో ఉన్నాడు, మేము బట్టీ పట్టాం, మార్కులు పడ్డాయి. సొంతంగా రాసినవాడు ఒక్కడే ఉండేవాడు, వాడు తప్పాడు.

గల్ఫ్ వచ్చాక మాకు గైడు లేదనుకోకండి. మా క్యాంపులో రాజన్న అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఇప్పుడు ఇంటికి వెళ్ళిపోయాడు. పాస్ ఇంటర్వ్యూకని ఆయన నాకొక కాగితం ఇచ్చాడు. పన్నెండు ప్రశ్నలు, పన్నెండు సమాధానాలు. నేను దాన్ని బట్టీ పట్టి మొదటిసారే పాసయ్యాను. తర్వాత దాన్ని ఫోటో తీసి అడిగినవాళ్ళకల్లా వాట్సాప్‌లో పంపాను. మా తెలుగువాళ్ళు అవతల బనియాస్ క్యాంపుల దాకా ఆ కాగితంతోనే పాసయ్యారు. సరస్వతీ కటాక్షం అంటే అలా ఉండాలి.

ఎల్చిన్‌కీ దాన్నే ఇచ్చాను.

"ఇందులో ఏముంది?" అన్నాడు.

"అన్నీ ఉన్నాయి. అక్షరం మార్చకుండా నేర్చుకో."

"అర్థం?"

"అర్థం తర్వాత. ముందు పాస్."

పాపం, ఎంత కష్టపడ్డాడో! వెల్డింగ్ చేస్తూ ముసుగులోపల గొణుక్కునేవాడు. కంపెనీ బస్సులో కళ్ళు మూసుకుని అప్పజెప్పేవాడు. పదో రోజుకి కామా కూడా తప్పకుండా చెప్పాడు. నేను ఖాదర్ భాయ్ దగ్గరికి వెళ్ళి, "మీ ఎల్చిన్ తయారు భాయ్. యల్లా, తీస్కపోదాం," అని చేతులు దులుపుకున్నాను.

ఇంటర్వ్యూకి ఇద్దరిద్దరిని పిలిచారు. నా పాస్ గడువూ అప్పుడే తీరింది కాబట్టి ఎల్చిన్‌కి జతగా నన్ను కూర్చోబెట్టారు. మేడమ్ పేరు గ్రేస్, ఫిలిప్పీన్స్ ఆవిడ. మెల్లగా మాట్లాడుతుంది. మెల్లగా మాట్లాడేవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలని నాకప్పటికి తెలియదు.

"మిస్టర్ ఎల్చిన్, మీరు ఈ పనికి ఎందుకొచ్చారు?"

ఎల్చిన్ లేచి నిలబడ్డాడు. బడిపిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు. గొంతు సవరించుకుని ఊపిరి తీసుకోకుండా ఇంగ్లీషులో చెప్పాడు. "మెట్‌పల్లి మండలంలో ఉన్న మా మూడెకరాల మెట్టలో బోరు వేయించడానికి, మా ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేయడానికి, మా నాన్న సుఖంగా ఉండేటట్టు చూడటానికి నేను అబుదాబి వచ్చాను, మేడమ్."

తప్పు ఒక్కటి లేదు. నేను గర్వంతో కుర్చీలో కొంచెం పైకి లేచాను కూడా. గ్రేస్ మేడమ్ పెన్ను కింద పెట్టింది.

"మీకు ఇద్దరు చెల్లెళ్ళా?"

"నో, మేడమ్."

"మెట్‌పల్లి అజర్‌బైజాన్‌లో ఎక్కడుంది?"

ఎల్చిన్ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"గంగా ముఅల్లింకి తెలుసు," అన్నాడు, ఎంతో నమ్మకంగా.

"ఈ వారంలో ఆ బోరు గురించి నేను వినడం ఇది ఐదోసారి," అంది మేడమ్. "ఇంతకీ నీళ్ళు పడ్డాయా?"

"ఇన్‌షాల్లా," అన్నాడు ఎల్చిన్.

మేడమ్ నవ్వలేదు. లోపల గ్యాస్ లీకై అలారం మోగిందనుకోండి, ఈ మనిషి ఏం చేస్తాడు, మూడెకరాల పద్యం అప్పజెబుతాడా అని అడిగింది. అర్థం తెలియకుండా చెప్పిన సమాధానం చెల్లదని, ఫారం మీద కొట్టేస్తే మళ్ళీ మూడు నెలలదాకా రావడానికి లేదని చెప్పింది. మూడు నెలలంటే ఎల్చిన్ ప్రొబేషన్ అయిపోతుంది. అతనికి ఆ మాటలన్నీ అర్థం కాలేదు గానీ ఆవిడ ముఖం అర్థమైంది. కట్టుకున్న చేతులు మెల్లగా కిందికి జారాయి. ఆ చేతులు చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

"మేడమ్, తప్పు నాది. ఆ కాగితం నాదే," అన్నాను లేచి.

"అయితే బోరు మీదన్నమాట."

"కాదు మేడమ్. మాకు గుంట భూమి కూడా లేదు."

"చెల్లెళ్ళు?"

"లేరు మేడమ్. ఒక్క అన్న. పెళ్ళైంది."

"పోయిన ఏడాది నాతో ఇద్దరని చెప్పారే?"

"అది... రాజన్న చెల్లెళ్ళు, మేడమ్."

"రాజన్నకైనా ఉన్నారా?"

"తెలియదు, మేడమ్. ఆయన కూడా కాగితం ఇంకెవరి దగ్గరో తీసుకున్నాడు."

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని విన్నాం. పొలం లేకుండానే బోరు వేయించి, చెల్లెళ్ళు లేకుండానే పెళ్ళిళ్ళు చేస్తున్నవాణ్ణి ఆవిడ మొదటిసారి చూస్తున్నట్టుంది. ఎల్చిన్‌ని కూర్చోమంది. కాగితం మరిచిపొమ్మని, వచ్చిన మాటల్లోనే చెప్పమని, తొందరేమీ లేదని మెల్లగా చెప్పింది.

ఎల్చిన్ ఒక్కో మాటా అతికించుకుంటూ చెప్పాడు.

"నా ఇల్లు, ఒక గది. నేను, భార్య, కూతురు. భార్య అమ్మ కూడా. మంచి మనిషి. చాలా, చాలా మాట్లాడుతుంది. నేను వచ్చాను, ఇంకో గది కట్టడానికి. ఆమె అక్కడ మాట్లాడేటట్టు. నేను ఇక్కడ నిద్రపోయేటట్టు."

గ్రేస్ మేడమ్ ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకుంది. ఫైలు వణుకుతోంది. కాసేపటికి ఫైలు దించి, గోడకు వేలాడుతున్న సేఫ్టీ బెల్టు చూపించి, ఇదెందుకని అడిగింది.

"గది చూడటానికి. పడితే, గది లేదు."

నీళ్ళ బకెట్ ఎందుకో చెప్పాడు. అలారం మోగితే ఏం చేస్తాడో లేచి, తలుపు దాకా నడిచి, నన్ను కూడా చెయ్యి పట్టి లాక్కెళ్ళి చూపించాడు. ఆవిడ ఫారం మీద సంతకం పెట్టింది. ఎల్చిన్ పాసయ్యాడు.

"ఇప్పుడు మీరు, ముఅల్లిం," అంది నా వైపు తిరిగి. "మీరెందుకు వచ్చారు?"

నేను నోరు తెరిచాను. బోరు వచ్చింది, మింగేశాను. చెల్లెళ్ళు వచ్చారు, వాళ్ళనీ మింగేశాను. తర్వాత ఏమీ రాలేదు. వచ్చి మూడేళ్ళయింది, ఆ ప్రశ్న నన్ను నేనెప్పుడూ అడుక్కోలేదు.

"మీకు ఇంగ్లీషు వచ్చు. సమాధానమే లేదు. గురువారం రండి," అని ఆవిడ ఫారం పక్కన పెట్టింది.

శిష్యుడు పాసై పంతులు తప్పడం మా క్యాంపు చరిత్రలో అదే మొదలు. ఖాదర్ భాయ్ "దొరసానికి సలాం చెప్పు అబ్బయా," అన్నాడు. ఆ వారమంతా నాకు పాఠం చెప్పింది ఎవరనుకున్నారు? ఎల్చిన్. బస్సులో నా పక్కనే కూర్చుని, "ఎందుకొచ్చావు?" అని అడిగేవాడు.

"కుటుంబ అభివృద్ధి కోసం."

"కాగితం," అనేవాడు తల అడ్డంగా ఊపి.

"మంచి భవిష్యత్తు కోసం."

"ఇది కూడా కాగితం."

గురువారం వచ్చింది. గ్రేస్ మేడమ్ అదే ప్రశ్న అడిగింది. ఏమైతే అదవుతుందని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"మా ఊళ్ళో సాయంత్రాలు వాలీబాల్ ఆడేవాళ్ళం, మేడమ్. ఆరుగురం. ఒక్కొక్కడే గల్ఫ్ వెళ్ళిపోయాడు. చివరికి నెట్టు, బంతి, నేను మిగిలాం. ఎవరి మీదికి కొట్టను? మిగతా ఐదుగురినీ వెతుక్కోవడానికి వచ్చాను."

చెప్పాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మేడమ్ రాయడం ఆపి తలెత్తింది.

"దొరికారా?"

"నలుగురు దొరికారు, మేడమ్. ఐదోవాడు షార్జా పక్కన సజ్జాలో ఉన్నాడు. మాకు ఆదివారం సెలవు, వాడికి శుక్రవారం."

ఆవిడ సంతకం పెట్టి, వాళ్ళ మేనేజరుతో మాట్లాడి ఆదివారం ఇప్పించుకోమని ఆ ఐదోవాడికి చెప్పమంది.

కాబట్టి, చదువరులారా, నా సేఫ్టీ హెల్మెట్ సాక్షిగా, స్టోర్ రిజిస్టరు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరికీ, వాళ్ళు ఎక్కడికి ఎందుకొచ్చారో నేను నేర్పను. ఎవరైనా మరీ బతిమాలితే వాళ్ళను ఎల్చిన్ దగ్గరికి పంపిస్తాను. నిన్న కూడా ఇద్దరిని పంపించాను.